ముంజేతి మీద లూనా చిమ్మట: సన్నగీతల టాటూ వేయించుకున్న నా అనుభవం

సన్నని గీతలతో, కేవలం నల్ల సిరాతో వేసే టాటూకు సీతాకోకచిలుక కంటే చిమ్మటే ఎక్కువగా నప్పుతుందని నా అభిప్రాయం. నా ముంజేతి లోపలి వైపున ఇప్పుడున్న లూనా చిమ్మట ఆ అభిప్రాయం నుంచి పుట్టిందే. సీతాకోకచిలుకల్లో మన కన్ను గుర్తుపట్టేది చాలావరకు రంగునే. మోనార్క్ నుంచి నారింజ రంగును తీసివేస్తే నల్లని ఈనెల అల్లిక మిగులుతుంది, అది అందంగానే ఉంటుంది. కానీ మోర్ఫో నుంచి నీలాన్ని తీసివేస్తే చెప్పుకోదగినది ఏమీ మిగలదు. పైగా ఆ నీలం ఏదో వర్ణకం వల్ల వచ్చినది కాదు. రెక్క మీది పొలుసుల్లో ఉండే అతి సూక్ష్మమైన నిర్మాణం కాంతిని వెనక్కి పంపే తీరు వల్ల అది మెరుస్తుంది కనుక, ఏ సీసాలోని సిరా అయినా దానిని చర్మం మీదికి తీసుకురాలేదు. చిమ్మటల సంగతి వేరు. వాటి మొండెం మీది నూగు, పుస్తకాల్లో స్పర్శశృంగాలని రాసే ఈకల వంటి మీసాలు, రెక్కల మీది కంటి గుర్తులు, పొడి అద్దినట్టుండే ఛాయలు, ఇవన్నీ గీతకూ చుక్కకూ లొంగుతాయి.

ఏ చిమ్మటను ఎంచుకోవాలన్న దగ్గర కొంత కాలం గడిచింది. టాటూలలో అందరికీ కనిపించేది వీపు మీద పుర్రె ఆకారం ఉండే డెత్స్ హెడ్ చిమ్మట. ఆ పుర్రె స్పష్టంగా కనబడాలంటే చుట్టూ చిక్కటి నలుపు నింపాలి, అప్పుడది సన్నగీతల పని కాకుండా పోతుంది. అట్లాస్ చిమ్మట రెక్కల కొసలు పాము తలలను పోలి ఉంటాయి కనుక అది నన్ను ఎంతగానో ఆకర్షించింది, కానీ దాని రెక్కల నిండా ఉన్న పట్టీలనూ వంకరలనూ చూపాలంటే వీపంతా కావాలి. లూనా చిమ్మటకు ఇటువంటి ఇబ్బంది లేదు. 1758లో స్వీడన్ జీవశాస్త్రవేత్త లినేయస్ చంద్రుడి లాటిన్ పేరుతో పిలిచిన ఈ పురుగుకు నాలుగు రెక్కలూ దాదాపు ఒకే లేత ఆకుపచ్చ రంగులో ఉంటాయి, రెక్కకొక చిన్న కంటి గుర్తు ఉంటుంది, వెనుక రెక్కల నుంచి రెండు పొడవాటి తోకలు మెలితిరిగి వేలాడుతుంటాయి. ఎదిగిన చిమ్మటకు ఆహారం తీసుకోగల నోరు ఉండదు, వారం రోజులకు అటూ ఇటూగా మాత్రమే బతుకుతుంది. ఆ తోకలు అలంకారం కోసం కావని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది: ఎగిరేటప్పుడు అవి గిరగిరా తిరుగుతూ గబ్బిలం పంపే ధ్వనిని తమ వైపు మళ్ళించుకుంటాయి, కాబట్టి గబ్బిలం మొండెం మీదికి కాక తోక మీదికి దూకుతుంది. ఇది చదివాక తోకల మెలికను మాత్రం బొమ్మలో ఏ కారణం చేతనైనా తీసివేయకూడదని నిర్ణయించుకున్నాను.

బొమ్మ కోసం వెతికినప్పుడు ఒక విషయం గమనించాను, దానిని ఇక్కడ కొంచెం వివరంగానే చెప్పాలి. టాటూలలో ఎగురుతున్నట్టు కనిపించే సీతాకోకచిలుకలలోనూ చిమ్మటలలోనూ అధిక భాగం నిజానికి మ్యూజియం పెట్టెలలో సూదులతో గుచ్చి ఆరబెట్టిన నమూనాల భంగిమలో ఉంటాయి. నమూనాను సిద్ధం చేసేవారు ముందు రెక్కల వెనుక అంచు మొండేనికి లంబంగా వచ్చేవరకు రెక్కలను పైకి లాగి అమరుస్తారు. వెనుక రెక్క మీది గుర్తులు కూడా పూర్తిగా కనబడాలన్నది అందులోని ఉద్దేశం, శాస్త్రానికి అది అవసరం కూడా. బతికి ఉన్న లూనా చిమ్మట విశ్రాంతిగా వాలినప్పుడు ముందు రెక్కలు కొంచెం కిందికి జారి వెనుక రెక్కల పై భాగాన్ని కప్పుతాయి, భుజాల దగ్గర ఒక వంపు వస్తుంది, తోకలు రెండూ ఒకే తీరున ఉండవు. చచ్చిన పురుగు బొమ్మ వేయించుకోవడంలో తప్పేమీ లేదు, ఆ పటాల అందం ఆ పటాలకు ఉంది. నాకు మాత్రం ఆకు మీద వాలిన ప్రాణి కావాలనిపించింది. అందుచేత ఆర్టిస్టుకు చూపించడానికి టాటూల ఫొటోలను కాక, ప్రకృతిలో తీసిన లూనా చిమ్మటల ఫొటోలను పోగుచేసుకున్నాను.

ఆర్టిస్టును ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే, వారు మానిన టాటూల ఫొటోలు చూపగలరా లేదా అన్నది. అప్పుడే వేసిన సన్నగీత ఎవరు వేసినా పదునుగానే కనబడుతుంది. చర్మం ఎర్రబారి, గీత నల్లగా మెరుస్తూ, ఫొటోలో ఎంతో ముచ్చటగా ఉంటుంది. చేతి పనితనం తెలిసేది ఆ గీత ఒకటి రెండేళ్ళ తరవాత ఎలా ఉందన్న దానిలో. నేను సంప్రదించిన వారిలో కొందరు తాజా ఫొటోలు మాత్రమే పంపారు. చివరికి నేను ఎంచుకున్నావిడ అడగక ముందే ఒకే టాటూను మొదటి రోజున, రెండేళ్ళ తరవాత తీసిన ఫొటోల జతలను నా ముందు పెట్టి, వాటిలో గీతలు కొంచెం లావెక్కిన చోటును తానే వేలితో చూపారు. ఆ ఒక్క పనితో నాకు నమ్మకం కలిగింది.

నా ఫొటోలను చూసిన వెంటనే ఆవిడ దృష్టి మీసాల మీదికి వెళ్ళింది. "రెక్కలు ఎవరైనా వేస్తారండీ. మీసాల దగ్గరే ఈ బొమ్మ నిలుస్తుంది, లేదా పాడవుతుంది" అన్నారు. లూనా చిమ్మటలో మగదాని మీసాలు ఆడదాని వాసనను దూరం నుంచి పసిగట్టడానికి వీలుగా రెండు వైపులా దట్టమైన పాయలతో వెడల్పుగా ఉంటాయి. అరచేయంత బొమ్మలో ఆ పాయలన్నిటినీ వేస్తే కొన్నేళ్ళకు అవి ఒకదానిలో ఒకటి కలిసి రెండు బూడిద రంగు మరకలుగా మిగులుతాయి. దీనికి కారణం చర్మంలోనే ఉంది. పై పొర, అంటే బాహ్యచర్మం, కొన్ని వారాలకొకసారి రాలిపోయి కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది కాబట్టి సిరాను దాని కింద ఉన్న అంతశ్చర్మంలోకి చేర్చాలి. అక్కడ శరీరం ఆ సిరా రేణువులను పరాయి పదార్థంగా భావించి, మాక్రోఫేజులనే రక్షణ కణాలతో మింగిస్తుంది. ఆ కణాలు చనిపోయినప్పుడు రేణువులు బయటపడతాయి, వాటిని పక్కనున్న కొత్త మాక్రోఫేజులు మళ్ళీ మింగుతాయి. ఈ చక్రాన్ని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో వివరించారు. టాటూ ఏళ్ళ తరబడి నిలిచి ఉండేది ఇలాగే, అయినా గీత అంచులు కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా మెత్తబడతాయి, గీత లావెక్కుతుంది. అందువల్ల సన్నగీతల పనిలో గీత ఎంత సన్నగా ఉందన్న దానికంటే రెండు గీతల మధ్య ఎంత చోటు వదిలారన్నదే ముఖ్యమని ఆవిడ అన్నారు, ఆ తరవాత చూసిన ప్రతి టాటూ నాకు ఆ మాటనే రుజువు చేసింది.

దీనికి పరిష్కారం చిమ్మటే ఇచ్చింది. ఆడ లూనా చిమ్మట మీసాలు మగదాని కంటే సన్నగా, తక్కువ దట్టంగా ఉంటాయి, మొండెం కొంచెం బొద్దుగా ఉంటుంది. కనుక బొమ్మలోని చిమ్మటను ఆడదానిగా మార్చుకుంటే మీసాల పాయలను తగ్గించినా అది అబద్ధం కాదు. ఆవిడ అప్పటికప్పుడే టాబ్లెట్ మీద గీసి చూపారు: మధ్య కాడకు రెండు వైపులా కొద్ది పాయలే, ఒక్కొక్క దాని మధ్య చెప్పుకోదగినంత ఖాళీ. రెక్కల ఈనెలలో కూడా సగానికి పైగా తీసివేశాము. ముందు అంచున ఉండే లావైన ఈనెను, రెక్క నడుమ ఈనెల మధ్య గదిలా ఉండే ఖాళీని చుట్టే వాటిని ఉంచి, అంచు వైపు పాయలుగా చీలే వాటిని మధ్యలోనే ఆపేశారు. చూసేవారి కన్ను మిగిలినది తానే పూరించుకుంటుంది. కంటి గుర్తులను నాలుగూ ఉంచుకున్నాము, అయితే వాటి లోపలి వలయాలను ఒక్కటికి తగ్గించాము. ఆకుపచ్చ రంగు గురించి నేను అడగలేదు కానీ ఆవిడే ప్రస్తావించారు. సిరా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఉండే పొర కిందికి చేరుతుంది కనుక గోధుమ వన్నె చర్మంలో ఆ లేత ఆకుపచ్చ మాసినట్టు కనబడుతుందని, నలుపు మాత్రం ఏ చాయలోనైనా నిలుస్తుందని చెప్పారు.

ఇక ఎక్కడ వేయాలన్నది. చిమ్మట రెండు వైపులా సమానంగా ఉండే ఆకారం కాబట్టి చాలామంది దానిని రొమ్ము ఎముక మీదో, మెడ కింద వెన్నెముక మీదో వేయించుకుంటారు. శరీరపు మధ్య గీత అక్కడ బొమ్మకు ఆసరా ఇస్తుంది. నాకు నేను రోజూ చూసుకోగల చోటు కావాలి. వేళ్ళు, అరచేతులు, అరికాళ్ళ అంచుల మీద సన్నగీత త్వరగా చెరిగిపోతుందని తెలిసినందున వాటి ఆలోచనే చేయలేదు. ముంజేయి మిగిలింది, అయితే దానితో ఒక చిక్కు ఉంది. అరచేయి పైకి తిప్పినప్పుడు, కిందికి తిప్పినప్పుడు ముంజేతి లోని రెండు ఎముకలలో ఒకటి మరొకదాని మీదుగా జరుగుతుంది, దానితో పాటు చర్మం కూడా మెలితిరుగుతుంది. ఒక భంగిమలో నిటారుగా ఉన్న మొండెం మరొక భంగిమలో పక్కకు ఒరిగిపోతుంది. ఈ మెలిక మణికట్టు దగ్గర ఎక్కువగా, మోచేయి దగ్గర తక్కువగా ఉంటుంది. అందుచేత మోచేతి మడత నుంచి కొంచెం కిందికి, మడతలో పడి గీత అరగకుండా, బొమ్మను నిలపాలని అనుకున్నాము. ఆ చోట నాకొక పుట్టుమచ్చ ఉంది. పుట్టుమచ్చ మీద సిరా వేస్తే, రేపు అది రంగో ఆకారమో మార్చుకున్నా కనబడదు, చర్మ వైద్యులు వద్దనేది అందుకే. ఎడమ రెక్క అంచు దానికి బాగా ఎడంగా ఉండేలా బొమ్మ మొత్తాన్ని పక్కకు జరిపారు. ఆ జరపడం వల్లనే మొండెం కండ వంపుకు సరిగ్గా మధ్యలోకి వచ్చింది, అది అనుకోకుండా కలిగిన లాభం.

వేయించుకునే రోజుకు ముందు నింపమన్న పత్రంలో ప్రశ్నలు చాలానే ఉన్నాయి: రక్తం పలుచబడే మందులు వాడుతున్నానా, మధుమేహం ఉందా, గాయాలు మానినప్పుడు చర్మం ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ లక్షణం ఉందా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ ఈ మధ్య వాడానా, దేనికైనా అలర్జీ ఉందా అని. ఇటువంటి పత్రం ఇవ్వని చోట టాటూ వేయించుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ముందు రోజు మద్యం తాగవద్దని, కడుపు నిండా తిని రమ్మని, నిద్ర చెడగొట్టుకోవద్దని సూచనలిచ్చారు. మత్తు క్రీము రాసుకోవచ్చా అని అడిగితే, పెద్ద పనులకు పరవాలేదు కానీ అది చర్మాన్ని మెత్తగా, ఉబ్బినట్టుగా చేస్తుంది కనుక సన్నగీతకు తనకు ఇష్టం ఉండదని చెప్పారు.

ఆ రోజున అత్యధిక సమయం సూదికి కాక స్టెన్సిల్‌కు, అంటే బొమ్మ గీతలను ముందుగా చర్మం మీద అద్దడానికి పట్టింది, ఆ సమయం వృథా కాదని ఇప్పుడు తెలుస్తోంది. ముంజేతి మీది నూగును కొత్త రేజరుతో తీసి, స్పిరిట్‌తో తుడిచి, స్టెన్సిల్ అంటుకోవడానికి ఒక జెల్‌ను పలుచగా రాశారు. నన్ను నిలబెట్టి, "చేతిని బిగపట్టకండి, మీరు మామూలుగా ఎలా వదిలేస్తారో అలాగే వదిలేయండి" అన్నారు. ఊదా రంగు బొమ్మ ఉన్న కాగితాన్ని అద్ది తీశాక అద్దంలో చూసుకుంటే చిమ్మట కొంచెం బొటనవేలి వైపు ఒరిగినట్టుంది. దానిని తుడిచివేసి మళ్ళీ అద్దారు, ఈసారి తోకల కొసలు సమానంగా లేవనిపించి నేనే చెప్పాను. అవి ఫొటోలో కూడా సమానంగా లేవని ఆవిడ గుర్తుచేశారు, నేను నవ్వి ఊరుకున్నాను. ఇంకొకసారి అద్దాక చేయి వేలాడదీసినా, మోచేయి మడిచినా, అరచేయి తిప్పినా కంటికి ఇబ్బంది లేని చోటు దొరికింది. స్టెన్సిల్ పూర్తిగా ఆరేవరకు కూర్చోబెట్టారు. తడిగా ఉన్నప్పుడు మొదలుపెడితే సిరా తుడిచేటప్పుడు అదీ చెదిరిపోతుంది.

ఈలోగా ఆవిడ సామగ్రి అమర్చుకోవడం చూశాను. ఒక్కసారికే వాడి పారేసే సూదుల కార్ట్రిడ్జ్‌ను నా ఎదుటనే విప్పారు, పెన్నులాంటి యంత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేశారు, చిన్న కప్పులో నాకు సరిపడా సిరా మాత్రమే పోశారు. ఒకే సూదితో వేస్తారనుకున్న నాకు మూడు సూదులు గుండ్రంగా దగ్గరగా కూర్చిన కార్ట్రిడ్జ్‌ను చూపించి, రెక్కల బయటి గీతలకు ఇది, మీసాలకూ నూగుకూ మాత్రమే ఒంటి సూది అని చెప్పారు. ఒంటి సూది చర్మాన్ని తేలికగా కోస్తుంది, చేయి రవ్వంత వణికినా దాచదు, కొన్నిచోట్ల సిరా నిలవదు. మూడు సూదుల గీత వేసిన రోజున వెంట్రుకవాసి లావుగా ఉన్నా ఏళ్ళ మీద ఒకే తీరున నిలుస్తుంది. ఒంటి సూది శైలికి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. సామ్యూల్ ఓరైలీ 1891లో న్యూయార్క్‌లో విద్యుత్ టాటూ యంత్రానికి పేటెంట్ పొందాక స్టూడియోలలో ఎక్కువగా సాగింది లావు గీతల పనే. కాలిఫోర్నియా జైళ్ళలోని మెక్సికన్ అమెరికన్ ఖైదీలు దొరికిన చిన్న మోటార్లతో, గిటారు తీగను సూదిగా మలిచి, నలుపు బూడిద ఛాయల్లో సన్నని బొమ్మలు వేసుకునేవారు. చార్లీ కార్ట్‌రైట్, జాక్ రూడీ 1975లో ఈస్ట్ లాస్ ఏంజలస్‌లో స్టూడియో తెరిచి ఆ పద్ధతిని బయటి లోకానికి తెచ్చారు. నేడు ఎంతో నాజూకైనదిగా చెలామణి అవుతున్న పని వస్తువుల కొరత నుంచి పుట్టింది.

పని తోకల దగ్గర, అంటే మణికట్టు వైపు నుంచి మొదలైంది. పై నుంచి మొదలుపెడితే తుడిచిన ప్రతిసారీ కింది స్టెన్సిల్ చెరిగిపోతుంది కనుక కింది నుంచి పైకి వస్తారు. ఎడమ చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకొని, ఊపిరి బిగపట్టి ఒక్కొక్క పొడవాటి గీతను ఒకే లాగుడులో వేసేవారు. సూది దిగవలసిన లోతు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. అంతకంటే పైనే ఆగితే మానేటప్పుడు గీత పొట్టుతో పాటు రాలిపోతుంది. కిందికి పోతే సిరా కొవ్వు పొరలో వ్యాపించి గీత చుట్టూ నీలి నీడ మిగులుతుంది, దానినే వారు బ్లోఅవుట్ అంటారు. ముంజేతి లోపలి చర్మం పలుచన కనుక ఈ రెండింటి మధ్య ఉండే వెసులుబాటు చాలా తక్కువ. నొప్పి గురించి అడిగేవారికి నేను చెప్పేదేమంటే, ఎండకు కమిలిన చర్మాన్ని గోటితో గీరినట్టు ఉంటుంది, అదే చోట ఆగకుండా ముందుకు కదులుతుంది కాబట్టి ఓర్చుకోవచ్చు. ఓర్చుకోవడం కష్టమైనది గీతల దగ్గర కాదు, మొండెం మీది నూగును చుక్కలతో వేసినప్పుడు. అప్పటికే మండుతున్న చోటికి సూది మళ్ళీ మళ్ళీ వచ్చింది. మీసాలను అన్నిటికంటే చివర, కొంత విరామం తీసుకొని వేశారు. ఒక్కో పాయకు సూది తాకి లేచే సమయం అరక్షణం కూడా ఉండదు, కానీ ఒక్కో పాయకు ముందు ఆవిడ చూసే చూపు మాత్రం చాలాసేపు ఉండేది.

చివరగా శుభ్రం చేసి, పారదర్శకమైన పలుచని ఫిల్మ్ అంటించారు. దాని కింద సిరా, రక్తపు రసి కలిసి నల్లగా పేరుకుంటే భయపడవద్దని, అంచులు ఊడి నీరు కారితే మాత్రం వెంటనే తీసేయమని చెప్పారు. కొన్ని రోజులకు గోరువెచ్చని నీటి కింద ఫిల్మ్‌ను మెల్లగా సాగదీస్తూ తీసి, వాసన లేని సబ్బుతో కడిగి, మాయిశ్చరైజరును పలుచగా, కేవలం మెరుపు కనిపించేంత మాత్రమే రాశాను. ఎక్కువ రాస్తే చర్మం నానిపోతుంది. ఆ తరవాత పొట్టు లేచింది. సన్నగీతల టాటూలో మందపాటి పక్కులు కట్టవు, పొడి చర్మం లేచినట్టు సన్నని పొట్టు రాలుతుంది. దురద మాత్రం తగ్గదు. గోకకుండా పైన అరచేత్తో తట్టడం ఒక్కటే దారి. ఈత, స్నానపు తొట్టె, నేరుగా ఎండ, ఇవన్నీ మానేవరకు నిషిద్ధం. ఎరుపు రోజురోజుకూ తగ్గాలి, పెరిగి పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆర్టిస్టుకు ఫొటో పంపడం కాదు, వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. నాకు అంత అవసరం రాలేదు.

పొట్టు రాలిపోయాక వచ్చిన దశ గురించి ముందే హెచ్చరించి ఉండకపోతే కంగారుపడేవాణ్ణే. టాటూ మీద పొగమంచులాంటి మెరుపు పొర ఒకటి ఏర్పడి, గీతలు వెలిసిపోయినట్టు కనబడ్డాయి, కంటి గుర్తుల చుట్టూ వేసిన చుక్కల ఛాయ దాదాపు మాయమైంది. అది కొత్తగా ఏర్పడుతున్న చర్మం; అది కుదుటపడేకొద్దీ కింది నలుపు తిరిగి తేరుకుంటుంది. తేరుకున్నాక చూస్తే ఎడమ తోక మెలిక దగ్గర గీత చిన్న మేర తెగి ఉంది, కుడి మీసంలో రెండు పాయలు మిగిలినవాటికంటే పలుచబడ్డాయి. పలుచని చర్మం మీద ఇది సాధారణమేనని, అందుకే టచప్‌ను, అంటే మానాక లోపాలను సరిదిద్దే పనిని, మొదటి రోజునే ఒప్పందంలో చేరుస్తామని ఆవిడ చెప్పారు. అయితే చర్మం లోపలి వరకు మానకుండా మళ్ళీ సూది పెట్టకూడదు కనుక నెల దాటి, ఇంకొంత వ్యవధి ఇచ్చాకే రమ్మన్నారు.

టచప్ కూర్చున్నంతలో అయిపోయింది. తోకలో తెగిన భాగాన్ని మూడు సూదుల కార్ట్రిడ్జ్‌తో, పాత గీత లావుకు సరిపోయేలా ఒకే లాగుడులో కలిపారు. పలుచబడిన రెండు పాయల మీద కూడా ఒకసారి పోనిమ్మని నేను అడిగాను. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, వాటి పక్కనున్న ఖాళీ ఇప్పుడే కొంచెం తగ్గిందని, మళ్ళీ వేస్తే అవి లావెక్కి కొన్నేళ్ళకు పక్క పాయలను తాకుతాయని, అందుకని ముట్టుకోనని చెప్పారు. నేను పట్టుబట్టలేదు. ఇప్పుడు బయటికి వెళ్ళేటప్పుడు దాని మీద ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాస్తున్నాను, ఆ రెండు పాయలు మిగిలినవాటికంటే లేతగానే ఉన్నాయి.